దోమలు ముట్టని మనిషి

మస్కట్‌కు కూలి పనికి పోయి, అక్కడ కడుతున్న బిల్డింగు మీది నుంచి పడ్డ పోశెట్టికి అక్కడి డాక్టర్లు యంత్రాల్లో తయారుచేసిన నెత్తురు ఎక్కించారు. వేళకు మనిషి నెత్తురు దొరకలేదట. బతికి కథలాపూర్‌లోని ఇంటికి చేరాడు.

కోరుట్ల డాక్టరు, "రేపు లోకమంతా గిదే ఎక్కించుకుంటది, భయం దేనికి?" అన్నాడు. తల్లి లచ్చవ్వ మాత్రం, "మనిషి నెత్తురు మనిషి నుంచే రావాలె" అని కొడుకు కంచం వేరుగా పెట్టింది. "పాణంతోటి అచ్చిండు, గంతే సాలు" అని భార్య గంగామణి ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది.

ఆ రాత్రి కరెంటు పోయింది. వాకిట్లో మంచం వాల్చుకుని భార్యాభర్తలిద్దరూ పడుకున్నారు. దోమలు గంగామణిని పీక్కుతింటున్నాయి. కాళ్లు గోక్కుంటూ ఆమె పక్కకు చూసింది. చొక్కా లేకుండా పడుకున్న పోశెట్టి ఒక్కసారి కూడా చెయ్యి విదల్చలేదు.

వెన్నెల్లో ఒక దోమ అతని భుజం మీద వాలింది. కాసేపు ఆగి, కుట్టకుండానే లేచిపోయింది. మరొకటి వచ్చింది. అదీ అంతే. అతని వైపు దోమల రొద కూడా లేదు.

"నిద్ర పడ్తలేదా?" అన్నాడు పోశెట్టి. అతను మేలుకునే ఉన్నాడు.

"దోమలు" అంది ఆమె.

"నన్ను ముట్టయి. ఆడ దవాఖానల ఉన్నప్పుడే చూసిన."

అతను ఆమె చేతిని మెల్లగా తీసుకుని తన గుండె మీద పెట్టుకున్నాడు.

"గంగామణీ, ఇంటికి అచ్చింది నేనేనా?"

అరచేతి కింద గుండె ఎప్పటిలాగే కొట్టుకుంటోంది. అవునని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అంతలో అతని భుజం మీద వాలి, కుట్టకుండానే లేచిపోతున్న దోమ మీద ఆమె చూపు ఆగింది. అతను ఆమె ముఖంలోకే చూస్తూ ఎదురుచూస్తున్నాడు.