తొట్టిలో సముద్రం

"ఏవండీ, ఎవరు మీరు? నా తొట్టిలో ఏం పడేస్తున్నారు?"

అమ్మాజీ కేకకు ఫిల్మ్‌నగర్ సందంతా తలెత్తి చూసింది.

ఆ పెద్దాయన మాత్రం తాపీగా సంచి దించాడు. "పారబోసే నీళ్ళే గదమ్మా. ఇది ఎండిన సముద్రపు నాచు. రంగును గుంజుకుంటది. జర రేపటిదాక చూడుండ్రి."

అమ్మాజీది సినిమా బట్టలకు రంగులు వేసే షెడ్డు. ఆ రంగునీళ్ళు షేక్‌పేట దాకా పారుతున్నాయని ఎవరో ఫిర్యాదు పెట్టారు. ఈసారి తనిఖీలో నీళ్ళు ఎర్రగా కనిపిస్తే షెడ్డుకు తాళమేనని అధికారి చెప్పి వెళ్ళాడు. ఆ చిరాకంతా ఈయన మీద దులపబోయింది.

ఇంతలో నాచు తడిసి వాసన లేచింది.

ఉప్పాడ వాసన. కెరటాలు ఇంటిని మింగేశాక ఊరొదిలి వచ్చిన ఆమెకు మళ్ళీ తగలని వాసన.

తిట్టడం మాని తొట్టి మీదికి వంగింది.

మర్నాటికి ఎరుపు కాస్తా గులాబీకి దిగింది. నాచు మార్చిన కొద్దీ ఇంకా పలచబడింది.

ఆయన రోజూ వచ్చేవాడు. రంగు పీల్చిన నాచును పిండి, కాలువలో పడనివ్వకుండా తన సంచిలోనే మోసుకుపోయేవాడు. పని అయిపోయినా అమ్మాజీ తొట్టి దగ్గర నుంచి కదిలేది కాదు.

"ఇది మా కాకినాడ వైపు నుంచేనా, బాబాయిగారూ?"

"ఏమో బిడ్డా. పార్సిల్ల వస్తది. సముద్రం నేనెన్నడు చూడలే."

"అయ్యో రాత! మీరేమో దాన్ని చూడలేదు, మా ఇల్లేమో దాని కడుపులో ఉంది."

ఊరికే ఇంత సాయం ఎవరు చేస్తారు, అందులోనూ ఫిల్మ్‌నగర్‌లో? అమ్మాజీకి అర్థమైపోయింది.

"మొహమాటం వద్దు బాబాయిగారూ. వేషమేగా మీకు కావాల్సింది? హీరోయిన్ తండ్రిగా దివ్యంగా ఉంటారు. మేనేజర్లంతా నాకు తెలుసు."

ఆయన నవ్వాడు. కాదనలేదు.

"ఆ ఫిర్యాదు పెట్టినవాడు మాత్రం నాకు దొరకాలి. నా పొట్ట కొట్టబోయాడు!"

ఆయన నాచు పిండుకుంటూ ఉండిపోయాడు.

నాచుతో నీళ్ళు తేర్చే పనంతా ఆమెకు వచ్చేశాక, ఆయన రావడం మానేశాడు. అమ్మాజీ ఆయనకు హీరోయిన్ తండ్రి వేషం ఖాయం చేసి, గేటు వైపు చూస్తూ ఉండేది. పేరైనా అడగలేదు.

తనిఖీ రోజు అధికారి నీళ్ళు సీసాలో పట్టి వెలుగుకు పెట్టాడు. "బాగున్నయమ్మా. తాళం ఫికర్ లేదు."

"ఆ ఫిర్యాదు పెట్టినాయన్ని కూడా వచ్చి చూసుకోమనండి!"

"ఆయన్నెందుకు తిడతరు? తాళమెయ్యకుండ్రి, ఆమెకు జర టైమియ్యుండ్రి అని మా ఆఫీసు చుట్టు తిరిగింది ఆయనే. షేక్‌పేట ప్రభాకర్ సారు."

అమ్మాజీ గతుక్కుమంది. సాయంత్రం మిఠాయి పొట్లం కట్టించుకుని, ఆయన ఇల్లు వాకబు చేసుకుంటూ షేక్‌పేటకు దిగింది.

గేటుకు తాళం.

"సార్ వాళ్ళు మొన్ననే ఖాళీ జేసిండ్రు," అంది పక్కింటావిడ. "బోరు మొత్తం ఖరాబైంది. ఎర్రనీళ్ళు. ఎన్నాళ్ళని కొనుక్కొని తాగుతరు?"

అమ్మాజీ వెనక్కి తిరగబోయి, ఆగింది.

ఉప్పాడ వాసన.

తలెత్తి చూస్తే, ఆ ఖాళీ ఇంటి పిట్టగోడ పొడుగునా, ఆమె తొట్టిలోని రంగంతా పీల్చుకున్న నాచు ఎర్రెర్రగా ఎండుతోంది.