నూనె తేలిన సీసా

"అలా పొయ్యకు" అనబోయి గురునాథం నోరు మూసుకున్నాడు.

బల్లకు అవతల నవ్య సీసాలో ముందు నూనె పోసి, దాని మీద బోరు నీళ్లు పోస్తోంది. కటింగ్ ఆయిల్ పని తెలిసినవాళ్లెవరూ అలా చెయ్యరు. నీళ్లను తిప్పుతూ అందులోకి నూనెను సన్నగా వదలాలి. ఉర్లా పారిశ్రామికవాడలోని ఈ చిన్న ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఆయన చేస్తున్నది అదే. చెబితే ఆ పిల్ల దిద్దుకుంటుంది. దిద్దుకుంటే గెలుస్తుంది. అందుకే చెప్పలేదు.

"ఏటి సార్, అలా చూస్తున్నారు?" అంది నవ్య.

"ఏం లేదమ్మా. కానివ్వు."

ఇక్కడ తయారయ్యే నూనె దగ్గర్లోని సిల్తారా వర్క్‌షాపులకు వెళ్తుంది. నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడుతుంది. లేత్ మీద ఇనుము కోసేటప్పుడు పనిముట్టు వేడెక్కకుండా దాన్ని ధారగా పోస్తారు. ఈ మధ్య బోరు నీళ్లలో కలిపిన మర్నాటికే నూనె విడిపోయి పైకి తేలుతోందని ఫిర్యాదులు వస్తున్నాయి. యజమాని మోహనకృష్ణ ఇద్దరినీ పిలిచి తేల్చి చెప్పాడు.

"చెరొక సీసా కలపండి. రేపు పొద్దుటికి ఎవరిది విడిపోకుండా ఉంటే వాళ్ల పాళ్లే ఖాయం. ల్యాబ్ ఇన్‌ఛార్జ్ కూడా వాళ్లే."

ఆ కుర్చీ రెండు నెలలుగా ఖాళీగా ఉంది. అది ఎప్పటికైనా గురునాథందేనని ఫ్యాక్టరీ అంతా అనుకున్నారు, ఆయనతో సహా. కానీ ఆరు నెలల కిందట ఎమ్మెస్సీ పట్టాతో నవ్య వచ్చిపడింది. వచ్చిన వారానికే బోర్డు మీద ఒక బొమ్మ గీసింది.

"సబ్బులాంటి అణువులు సార్ ఇవి. తల నీళ్లలో, తోక నూనెలో పెట్టి రెంటి మధ్యా గోడలా నిలబడతాయి. బోరు నీళ్లలో ఉండే సున్నం వాటి తలలు పట్టేసుకుంటుంది. బస్, గోడ కూలిపోద్ది, నూనె పైకొచ్చేస్తుంది."

మోహనకృష్ణ ముచ్చటపడిపోయాడు. "గురునాథం గారూ, ఇన్నేళ్లలో మీరెప్పుడూ ఇలా చెప్పలేదేమండీ?" అన్నాడు.

ఆ మాటను ఆయన అప్పటి నుంచీ మరిచిపోలేదు. బొమ్మ గీయడం రాదు గానీ, ఆ గోడ ఎప్పుడు కూలుతుందో వాసన చూసి చెప్పగలడు. ఆ సంగతి ఎవరికి కావాలి? ఇప్పుడు ఏ మీటింగులోనైనా "నవ్యా, నువ్వేమంటావ్?" అన్నదొకటే మాట.

సాయంత్రానికి రెండు సీసాలూ కిటికీ పక్కన చేరాయి. మోహనకృష్ణ స్వయంగా చీటీల మీద పేర్లు రాసి, సీసాల మెడలకు దారంతో కట్టాడు. రెండూ ఒకే తెలుపు. చీటీలు లేకపోతే కలిపినవాళ్లు కూడా గుర్తుపట్టలేరు.

"మీరు బయల్దేరండి సార్, బీర్‌గావ్ ఆటో వెళ్లిపోద్ది. గ్లాసులు కడిగేసి తాళం నేనేస్తాను" అంది నవ్య.

ఈ వినయమొకటి, అనుకున్నాడు గురునాథం. అందరూ పడిపోయేది దీనికే.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి, తన దగ్గరున్న రెండో తాళంచెవితో ల్యాబ్ తెరిచాడు. కిటికీ దగ్గరికి వెళ్లి కొయ్యబారిపోయాడు. తన పేరున్న సీసాలో వేలెడు మందాన నూనె తేలి ఉంది. నవ్య పేరున్న సీసా చిక్కటి పాలలా చెక్కుచెదరకుండా ఉంది.

తలకిందులుగా పోసినా నిలబడిందా? అదృష్టం కూడా ఈ పిల్ల పక్కనేనా? అసూయతో ఒళ్లంతా భగ్గుమంది. ఆయన చేతులు వాటంతటవే దారాల ముడులు విప్పాయి. చీటీలు అటువి ఇటు మారాయి. పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

తొమ్మిదింటికి మోహనకృష్ణ వచ్చి తెల్లటి సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. చీటీ చదివాడు.

"శభాష్ గురునాథం గారూ. అనుభవం అనుభవమే. కుర్చీ మీది."

నవ్య ముఖం పాలిపోయింది. ఒక సీసా చూసింది, రెండోది చూసింది, గురునాథం వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆమె మెల్లగా దగ్గరికొచ్చింది.

"మీదే నిలబడుద్దని నాకు నిన్ననే తెలుసు సార్" అంది.

గురునాథం ఆ మాటను తట్టుకోలేకపోయాడు. తిట్టినా, అనుమానించినా దులుపుకునేవాడే. ఓడిపోయి కూడా మెచ్చుకుంటున్న ఆ పిల్ల ముందు సిగ్గుతో చచ్చిపోయాడు.

"సార్, అది నాది కాదు" అన్నాడు మోహనకృష్ణతో. "పొద్దున్నే వచ్చి చీటీలు నేనే మార్చాను. కూతురు వయసు పిల్లని చూసి కుళ్లుకున్నాను."

మోహనకృష్ణ సీసాను బల్ల మీద పెట్టేశాడు. "మీరిలాంటి పని చేస్తారనుకోలేదు" అన్నాడు. తాళంచెవుల గుత్తి తీసి నవ్య ముందు పెట్టాడు. "ఇవాళ్టి నుంచి ల్యాబ్ నీది."

నవ్య కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి.

"ఏడవకమ్మా, తప్పు నాది" అన్నాడు గురునాథం. "ఇంకో మాట కూడా దాచాను. నూనె మీద నీళ్లు పొయ్యకూడదు. నీళ్లలోకే నూనె పోసుకోవాలి. సన్నగా, తిప్పుతూ. ఇకమీద అలా చెయ్యి."

ఆమె తల దించుకునే విన్నది. ఆయన తన టిఫిన్ డబ్బా అందుకుని గేటు వైపు నడిచాడు. మనసు తేలికైనట్టే అనిపించింది. ఆయన గేటు దాటేదాకా కిటికీలోంచి చూసి, నవ్య తాళంచెవుల గుత్తిని బ్యాగులో వేసుకుంది.

ముందురోజు సాయంత్రం, అందరూ వెళ్లాక, తన సీసాలో నూనె చుక్కలు తేలడం చూసి ఆ చీటీలను మొదట మార్చింది నవ్యే.