గండి కొట్టిన మనిషి

తెల్లారేసరికి రైతు మడిలో నారు కొసలు కూడా కనిపించడం లేదు.

నాట్లు వేసి ఎన్నాళ్లో కాలేదు. వాన పట్టింది పట్టినట్టే ఉంది. ఇంకొక్క రోజు నీళ్లు నిలిస్తే నారంతా కుళ్లిపోతుంది. మళ్లీ నాటుదామంటే చేతిలో నారు లేదు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండిగింజలు ఆ ఒక్క మడిలోనే ఉన్నాయి.

నీళ్లు పోవడానికి ఒకటే దారి. కింది గట్టు తెంచి దిగువ మడిలోకి వదలాలి.

ఆ గట్టు దిగువ మడి వాళ్లది. ఏటా వానాకాలం దాని దగ్గరే గొడవ. రైతు గండి కొట్టేవాడు. దిగువ పెద్దాయన పార భుజాన వేసుకుని వచ్చి, తిట్టుకుంటూ పూడ్చేవాడు. మొన్న వేసవిలో పెద్దాయన పోయాడు. రైతు పలకరించడానికైనా వెళ్లలేదు. పట్నంలో ఉండే కొడుకు వచ్చి సేద్యం చేస్తున్నాడని విన్నాడే గాని, మొహం చూడలేదు.

"వెళ్లి ఒక్క మాట అడగరాదా?" అని భార్య నిన్నంతా పోరింది.

"ఆ ఇంటి గుమ్మం నేను తొక్కను" అన్నాడు రైతు.

కాలు బెణికి తను పార పట్టలేడు. అందుకే ఎవరినైనా పంపి గుట్టుగా గండి కొట్టించమని వాగు అవతలి ఊళ్లో ఉండే బావమరిదికి రాత్రే కబురు పెట్టాడు.

పొద్దున్నే రైతు కర్ర ఊతంతో కుంటుకుంటూ గట్టు దగ్గరికి వచ్చేసరికి పని సగం అయిపోయింది. గోనెసంచి నెత్తిన వేసుకుని, మోకాలి లోతు బురదలో నిలబడి ఒక మనిషి గట్టు తవ్వుతున్నాడు. నీళ్లు దిగువకు దూకుతున్నాయి. ఆ ఉరవడికి నారు కొట్టుకుపోకుండా గండి దగ్గర గడ్డి కూడా అడ్డం వేశాడు.

రైతుకు ప్రాణం లేచి వచ్చింది.

"భలేవాడివయ్యా. ఇంకాస్త వెడల్పు చెయ్యి. ఆ దిగువవాడు చూడకముందే కానిచ్చెయ్."

ఆ మనిషి పార ఆపి రైతు వైపు చూశాడు. మళ్లీ వంగి తవ్వాడు.

"కింద నాట్లు ముందే పడ్డాయి. తట్టుకుంటే తట్టుకుంటాయి" అన్నాడు తవ్వుతూనే.

"తట్టుకోకపోతే వాళ్లవి పోతాయి, మనకేం? ఆ ముసలాయన ఉన్నన్నాళ్లూ నన్ను ఏడిపించాడు. ఇప్పుడు పైనుంచి చూస్తుంటే ఆయనకి ఒళ్లు మండిపోతూ ఉంటుంది."

ఆ మనిషి చిన్నగా నవ్వాడు.

"ఆయనకి కోపం ఎక్కువే. నేనూ తిన్నాను తిట్లు."

"ఈ చుట్టుపక్కల తిననిది ఎవరులే."

ఇంతలో రైతు భార్య గొడుగు వేసుకుని టీ తెచ్చింది. మొదటి గ్లాసు ఆ మనిషికే ఇచ్చింది.

"నిన్న సాయంత్రం ఈ గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నది మీరే కదమ్మా" అన్నాడతను గ్లాసు అందుకుంటూ. "ఇక దిగులు పడకండి."

అన్నం తిని వెళ్లమని ఆమె బతిమాలింది. కింద ఇంకా పని ఉందన్నాడు. వెళ్తూ వెళ్తూ పార కడిగి రైతు చేతికిచ్చాడు.

"వాన పెరిగితే గండి మూసుకుపోవచ్చు. ఇది ఉంచుకోండి."

"మరి నీకు?"

"ఇంట్లో ఇంకోటి ఉంది."

మధ్యాహ్నానికి నారు కొసలు బయటపడ్డాయి. రైతు పార మీద ఆనుకుని వాటినే చూస్తూ నిలబడ్డాడు. భార్య పక్కనే నిలబడి, ఎన్నాళ్లకో నవ్వింది.

అప్పుడొచ్చాడు బావమరిది, నిలువునా తడిసి.

"ఏమనుకోకు బావా. వాగు పొంగి ఒక్కడూ దొరకలేదు. నేనే వచ్చాను."

"అదేమిటి, పొద్దున నువ్వు పంపిన మనిషి..."

"నేనెవర్నీ పంపలేదే."

రైతు కిందికి చూశాడు. దిగువ మడిలో మచ్చుకైనా పచ్చదనం లేదు. అంతా ఒకటే నీళ్లు. ఆ చివర, పూడుకుపోయిన తూము దగ్గర, గోనెసంచి వేసుకున్న మనిషి ఒక్కడే వంగి రెండు చేతులతో బురద తోడిపోస్తున్నాడు.

బావమరిది కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూశాడు.

"అంతటి పెద్దాయన కొడుకు, ఒట్టి చేతులతో తోడుతున్నాడు... ఆ ఇంట్లో ఒక్క పారైనా లేదా బావా?"