కార్డులో రెండో పేరు

"మీ అమ్మగారి పేరు ఇందులోనూ లేదండీ."

బీమా కౌంటరులోని అమ్మాయి రెండో కార్డు కూడా వెనక్కిచ్చేసింది. మొదటిది పెద్దకొడుకుది, రెండోది చిన్నకొడుకుది.

"నీ కార్డులో రాయించలేదట్రా?" అన్నాడు బస్సు డ్రైవరైన పెద్దవాడు.

"పెద్దకొడుకువి కదా, నీ దాంట్లో ఉందనుకున్నా" అన్నాడు చిన్నవాడు. బడిలో గుమాస్తా అతను. ఊళ్ళో సగం మందికి బీమా ఫారాలు నింపిపెట్టిన ఘనుడు.

"అందరికీ రాసేవాడివి, అమ్మకి రాయకుండా ఉంటావా అనుకున్నా!"

"మా నాన్న కార్డులో ఉండాలే, ఒకసారి చూడమ్మా" అన్నాడు చిన్నవాడు.

"ఆయన పోయాక అది రద్దయిందండీ."

తల్లి పక్కనే స్ట్రెచర్ మీద ఉంది. తెల్లారగట్ల పంపు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఊరి ఆసుపత్రిలో ఉన్నది ఒక నర్సు, ఒక మంచం. ఆ నర్సు కట్టు కట్టి టౌనుకి అంబులెన్సు ఎక్కించింది.

"కార్డు లేకపోతే ఏం చెయ్యాలి?"

"సర్కారు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ నెలన్నర ఆగాలి. ఇక్కడైతే పన్నెండింటికి థియేటరు ఖాళీ. ఆలస్యమైతే మళ్ళీ నడవడం కష్టమంటున్నారు డాక్టరుగారు."

గోడ గడియారంలో పదకొండూ నలభై అయింది.

"ఒరేయ్, నాకు కార్డుందిరా" అంది తల్లి.

"నువ్వు మాట్లాడకమ్మా. నొప్పి ఎక్కువవుతుంది."

"దర్జీగారు తెస్తారు. కాస్త ఆగండి."

పక్కింటి దర్జీ ఆమెతోపాటు అంబులెన్సులోనే వచ్చాడు. వచ్చినవాడు ఎక్స్‌రే కవరు పెద్దకొడుకు చేతిలో పెట్టి, మళ్ళీ కనబడితే ఒట్టు.

"ఆ దర్జీ ఎప్పుడో జారుకున్నాడు. కన్నకొడుకులే ఇలా ఉంటే పక్కింటివాడు నిలబడతాడా?" అని పెద్దవాడు తమ్ముణ్ణి దెప్పాడు.

పదకొండూ యాభైకి దర్జీ పరుగున వచ్చాడు. మెళ్ళో టేపు అలాగే వేలాడుతోంది. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. గుడ్డపీలికలో చుట్టిన కార్డు విప్పి కౌంటరు మీద పెట్టాడు.

"కుట్టుమిషను సొరుగులో ఉండిపోయిందమ్మా. కంగారులో మర్చిపోయా. ఊరికెళ్ళి తెచ్చేసరికి ఇంతసేపయింది."

అమ్మాయి నంబరు కొట్టింది. "మొదటి పేరు మీదేనా?"

"నాదే."

"రెండో పేరు ఈమెది. బొటనవేలు పెట్టించండి."

తల్లి వేలు పెట్టింది. తెర మీద పచ్చదీపం వెలిగింది.

"బీమావాళ్ళు ఒప్పుకున్నారు. లోపలికి తీసుకెళ్ళండి."

హమ్మయ్య! చిన్నవాడు కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దవాడు నెత్తిమీది బరువు దించుకున్నట్టు బెంచీ మీద కూలబడ్డాడు.

స్ట్రెచర్ కదులుతుంటే తల్లి తల వెనక్కి తిప్పి, "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. వెళ్ళి ఏదైనా తిని రండి" అంది. కొడుకులిద్దరూ బుద్ధిగా తలూపారు. వాళ్ళ వెనకాల దర్జీ కూడా తలూపాడు.

తలుపులు మూసుకున్నాయి. పెద్దవాడు లేచి దర్జీ చేతులు పట్టుకున్నాడు. పొద్దుట్నుంచీ 'ఆ దర్జీ' అన్న నోటికి ఇప్పుడు వరస గుర్తొచ్చింది.

"బాబాయ్! మేం చెయ్యాల్సిన పని మీరు చేశారు. అసలు మాకేమవుతారని ఇంత పాటుపడ్డారు?"

దర్జీ మెళ్ళో టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆపరేషనుకి ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి" అంది కౌంటరు అమ్మాయి.

పెద్దవాడు జేబులోంచి పెన్ను తీశాడు. ఆ అమ్మాయి కాగితం పక్కకి లాక్కుని, దర్జీ వైపు తిప్పింది.

"మీరు కాదండీ. భర్త ఎదురుగా ఉండగా కొడుకుల సంతకం ఎందుకు?"