బొట్టు పెట్టిన గిటారు

చిరంజీవి నళినికి, తాత రాసేది. రాతలో తప్పులుంటే ఏమనుకోకు తల్లీ.

నీ గిటారు విరగ్గొట్టాను. నువ్వు చెప్పినట్టు రోజూ తీగలు తుడిచి పెట్టిన గిటారే.

మొన్న నీ మొగుడు మన వర్తూరు ఇంటికొచ్చి, "దాన్ని యాడ దాచినావు, ముసిలోడా? చేతులు నరికితే ఎట్ల వాయిస్తాదో చూస్తా!" అని కొడవలి ఎత్తాడు. నా చేతికి గిటారే అందింది. వాడి పుర్రె చిట్లింది, గిటారు రెండు ముక్కలైంది.

ఆయుధపూజ నాడు పారకూ కొడవలికీ బొట్టు పెట్టి, నీ గిటారుకీ నేను పెడితే, "ఇదేం ఆయుధం తాతా?" అని నవ్వావు.

వాడు బతికాడు. నేను జైల్లో ఉన్నాను. ఆంప్లిఫయరు పక్కింటివాళ్ల దగ్గర భద్రం, ఈ ఉత్తరమూ వాళ్ల చేతే నీకు పంపుతున్నాను.

చవకదైనా సరే, మెడ వంగని గిటారు చూసి కొనుక్కో. ఏది కొన్నావో త్వరగా జవాబు రాయి. ఇక్కడ కార్డులు అందరూ చదువుతారు, నీ ఊరి పేరు మాత్రం రాయొద్దు.