రెండు సీట్ల బండి

“ఎండలో ఎంతసేపని నిలబడతావు? ఆ చెట్టు నీడకు పోరాదా?” బానెట్ కింద తల దూర్చిన మునిచంద్ర భార్యను కేకేశాడు.

“నాకేం పర్వాలేదు. మీరు నిదానంగా చూడండి,” అంది కోమలి, గొడుగు ఆయన వీపు మీదికి వంచుతూ.

పూతలపట్టు దాటగానే కారు ఆగిపోయింది. ఇంగ్లండులో తయారై అరవై ఏండ్లయిన ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. పైకప్పు లేదు. కూర్చుంటే రోడ్డు చేతికందుతుంది. తిరుపతి నుంచి కాణిపాకానికి ప్రతి ఆదివారం అందులోనే ప్రయాణం. కోమలి ఒక్క వారం కూడా తప్పనివ్వదు. కారు కూడా ఒక్క వారం తప్పకుండా దారిలో ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

మోపెడ్ మీద టమోటా బుట్టలతో పోతున్న రైతొకడు ఆగాడు.

“ఏమప్పా, నిలిచిపోయినాదా?”

“ఇంజనుకు పెట్రోలు తోడే పంపు వేడెక్కిందన్నా. కాసిని నీళ్ళుంటే ఇస్తావా?”

రైతు సీసా ఇచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

“పైన కప్పు యాడబ్బా?”

“ఇది ఇట్లనే ఉంటుంది.”

“ఏసీ?”

“లేదు.”

“అయితే దీంట్లో ఏముండాది?”

కోమలే అందుకుంది.

“గాలి బాగా తగుల్తుందన్నా. ఈయన నడిపితే విమానంలో పోయినట్టే ఉంటుంది.”

చెమటలు కారుతున్న ఆమె ముఖం వైపు ఓసారి చూసి, రైతు మోపెడ్ ఎక్కాడు.

మునిచంద్ర పంపుకు తడిగుడ్డ చుట్టి నడుము ఎత్తబోయాడు. వెన్నులో కత్తి దిగినట్టయింది. పళ్ళు బిగబట్టి, భార్య చూడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. డాక్టర్ ఎస్తేరు నెల కిందటే తేల్చి చెప్పింది. “ఆ కారైనా ఉండాల, మీ నడుమైనా ఉండాల. రెండూ ఉండవు సార్.”

ఆ సంగతి కోమలికి ఎలా చెబుతాడు?

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మద్రాసు వెళ్ళారు. మెరీనా దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే ఇలాంటి కారొకటి ముందు నుంచి పోయింది. “అబ్బ, ఎంత ముద్దుగా ఉండాదో!” అంది కోమలి. ఆ మాటను ఆయన ముప్పై ఏండ్లు మనసులో దాచుకున్నాడు. చిత్తూరులోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పనులు భాగస్వామికి అప్పగించి ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక మొదట కొన్నది ఈ కారునే.

తీరా నడిపితే నెలలోనే మొహం మొత్తింది. దుమ్మంతా ముక్కులోకే. లారీ పక్కన పోతుంటే చక్రం చెవి పక్కన తిరుగుతుంది. దిగాలంటే తలుపు పట్టుకొని మూడుసార్లు ఊగాలి. అయినా రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. కోమలి కాఫీ తెచ్చి, “మీ చెయ్యి పడితే ఎంత మెరుస్తుందో చూడండి” అంటుంది. ఆ మాట విన్నాక ఇంకోసారి తుడుస్తాడు.

సెల్ మోగింది. పాత కార్లు కొనే చెన్నై డిల్లీబాబు.

“సార్, పన్నెండు లోపల చెప్పేయండి. లేదంటే కోయంబత్తూరులో ఇంకొక బండికి అడ్వాన్సు ఇచ్చేస్తాను. ఈ కాలంలో మీ బండిని అడిగేవాడు మళ్ళీ దొరకడు సార్.”

“చెబుతానప్పా,” అని పెట్టేశాడు.

కారు దగ్గి, ఉరిమి, కదిలింది. కోమలి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక చేత్తో తలుపు పట్టుకుంది. లారీ పక్కకు రాగానే రెండో చేత్తో ఆయన భుజం పట్టుకుంది. పెదవులు చిన్నగా కదులుతున్నాయి. పాటేదో పాడుకుంటోందనుకున్నాడు మునిచంద్ర. అంత ఆనందాన్ని చెడగొట్టాలంటే మనసు రాలేదు. కానీ నడుము ఊరుకోలేదు.

“కోమలీ, ఈ బండి అమ్మేద్దామా?”

ఆమె చటుక్కున కళ్ళు తెరిచింది.

“నిజంగానా?”

చూస్తుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మునిచంద్ర ఆమె చెయ్యి తట్టాడు. “అయ్యో, ఏడవబాకే! ఊరికే అన్నాను. నేను బతికుండగా దీన్ని అమ్మను. సరేనా?”

కోమలి ముఖం అటు తిప్పుకొని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కాణిపాకం గుడి దగ్గర కారు ఆపగానే ఆమె పూలూ టెంకాయా కొనడానికి వెళ్ళింది. పన్నెండుకు పది నిమిషాలుంది. మునిచంద్ర ఫోన్ తీశాడు.

“డిల్లీబాబూ, బండి ఇయ్యను.”

“ఎందుకు సార్? నడుము నొప్పని మీరే కదా చెప్పినారు?”

“నా నడుముదేముందప్పా! మా ఇంటామెకు అది ప్రాణం. అమ్ముతానంటేనే ఏడ్చేసింది.”

“మంచి మనసు సార్ మీది,” అని అవతల ఫోన్ పెట్టేశాడు.

మునిచంద్రకు నిజంగానే తాను మంచివాడిననిపించింది. మూడుసార్లు ఊగి కారు దిగాడు. కుంటుతూనే అయినా తల ఎత్తుకొని వరుసలో భార్య పక్కన నిలబడ్డాడు.

ప్రమాణాలకు పేరుపడ్డ ఈ స్వామి ఎదుట నిలబడి అబద్ధమాడటానికి దొంగలు కూడా జంకుతారు. హారతి వెలిగింది. గంటలు మోగాయి. కోమలి చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు. తన నోటి దురుసు వల్లే ఆమె ఇంకా బాధపడుతోందని మునిచంద్ర లోలోపల లెంపలు వేసుకున్నాడు. గంటల హోరులో, పక్కనే ఉన్న ఆయనకు ఆమె మొక్కు వినబడలేదు.

“స్వామీ, ఈ వారమన్నా ఆ బండి పీడ వదిలించు.”