అద్దం దిగేలోపు

సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కగానే కన్యకాపరమేశ్వరి చేతిలో రూపాయి బిళ్ల పట్టుకుని, కారు అద్దం స్విచ్ నొక్కింది.

అద్దం మూలిగింది. నాలుగు వేళ్లు దిగి ఆలోచనలో పడింది.

"నొక్కే ఉంచు," అన్నాడు భర్త జోగేశ్వరరావు.

"బ్రిడ్జి అయిపోతోందండీ!"

"నెమ్మదిగానే పోనిస్తున్నాగా!"

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. ఆమె కంగారుగా గోదావరికి దండం పెట్టి రూపాయి విసిరింది.

అది అద్దానికి కొట్టుకుని తిరిగొచ్చి జోగేశ్వరరావు బొజ్జ మీద పడింది.

"చూశారా? గోదారమ్మకి వేస్తే మీకొచ్చింది. ఇక నేనీ కారెక్కను."

పెనుగొండలో ఇల్లు చేరారు. ఆమె దిగగానే ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడి, భర్త వైపు తిరిగింది.

"పాత ఇనుము కొట్టుకి చెప్పేశాను. గురువారం మధ్యాహ్నం బండొచ్చి దీన్ని పట్టుకుపోతుంది. షెడ్డులో నూనె డ్రమ్ములు పెట్టుకుందాం."

జోగేశ్వరరావు వెళ్లి కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

అది వాళ్ల నాన్న ముప్పై అయిదేళ్ల కిందట కొన్న పొడుగు కారు. స్విచ్ నొక్కితే అద్దం దిగే కారు అప్పట్లో ఊళ్లో అదొక్కటే. నాన్న పోయాక ఆయనవంటూ ఇంట్లో మిగిలినవి ఒక ఫొటో, ఈ కారు.

"అద్దం బాగు చేయిస్తే ఉండనిస్తావా?"

"గురువారం మధ్యాహ్నంలోపు చేయించండి. చూద్దాం."

తణుకులో ఉన్న బావమరిది మహేంద్రకి ఫోన్ చేశాడు.

"మంచి మెకానిక్ ఉన్నాడు బావగారూ. గురువారం పొద్దున్నే పంపుతాను."

గురువారం పరమేశ్వరి తమ నూనె కొట్టు తెరవడానికి వెళ్లింది. తొమ్మిదింటికి గేటు దగ్గర మోపెడ్ ఆగింది. యాభై ఏళ్ల మనిషి దిగాడు.

"కారు చూడ్డానికొచ్చానండి."

"రావయ్యా రా! నీకోసమే కాసుక్కూర్చున్నాను. పేరేంటి?"

"ఆయ్, చిట్టియ్యండి."

చిట్టియ్య కారు చుట్టూ తిరిగాడు. తలుపులు తట్టాడు. స్టార్ట్ చెయ్యమన్నాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

"మరి రోగమేంటండి దీనికి?"

"అద్దం. దిగడానికి ముప్పై సెకన్లు, ఎక్కడానికి నలభై."

"అదొక్కటేనాండి?"

"అదొక్కటే."

"దానికోసమాండి ఇంత పని!"

"మా ఆవిడ అలాంటిదయ్యా."

చిట్టియ్య కాసేపు కారునే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చొక్కా చేతులు మడిచాడు.

"చిన్న స్క్రూడ్రైవరుంటే ఇప్పించండి."

"అది కూడా లేకుండా వచ్చావా?"

"నా సామాన్లు దీనికి మరీ మోటండి."

తలుపు లోపలి అట్ట ఊడదీసి, అద్దం జారే రబ్బరు గాడిలో వేలు పెట్టాడు. వేలు అంటుకుపోయింది.

"ఏం పోశారండి ఇందులో?"

"నువ్వుల నూనె. మా గానుగదే," అన్నాడు జోగేశ్వరరావు గర్వంగా. "వారం వారం తప్పకుండా పోస్తాను."

"అందుకేనండి. దుమ్ము కలిసి పాకం పట్టేసింది."

"మూడు తరాల గానుగయ్యా మాది! తలుపు కిర్రుమన్నా, మోకాలు కిర్రుమన్నా మా ఇంట్లో ఆ నూనే!"

"మోకాలికి రాసుకోండి. కేరంబోర్డు మీద నూనె పోస్తారాండి ఎవరైనా?"

జోగేశ్వరరావు మొహం మాడిపోయింది.

చిట్టియ్య సబ్బునీళ్లతో గాడి కడిగాడు. గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. ఇంట్లోంచి పరమేశ్వరి పౌడరు డబ్బా తెప్పించి, గాడి పొడుగునా జల్లాడు.

"ఇంకోటండి. కరెంటు ఈ సన్న వైర్లలో, అరిగిపోయిన స్విచ్‌లో తిరిగి తిరిగి మోటారు దగ్గరికొచ్చేసరికి నీరసపడిపోతోంది. రిలేలు పెడితే బ్యాటరీ నుంచి తిన్నగా వస్తుంది."

సంచిలోంచి చిన్న నల్ల డబ్బాలు రెండు తీశాడు.

"కొత్తవేనా?"

"వేరే బండివండి. దానికింక అవసరం లేదు."

గంటన్నర పట్టింది. అట్ట బిగించి స్విచ్ నొక్కాడు.

అద్దం సర్రున దిగింది. సర్రున ఎక్కింది. జోగేశ్వరరావు సెల్‌ఫోన్‌లో లెక్క చూశాడు. నాలుగు సెకన్లు!

ఆయనకి గంతులేయాలనిపించింది. కానీ గానుగ పరువు అడ్డొచ్చింది.

"ఆ రిలేల వల్లే బాగైంది. నూనెది తప్పేం లేదు. అవునా?"

"కాదండి. సగం తప్పు నూనెదేనండి."

"అయితే మా ఇంట్లో నీకు కాఫీ లేదు. వెళ్లిరా."

చిట్టియ్య నవ్వేశాడు. పంపు దగ్గర చేతులు కడుక్కుని, కారు టాపు మీద ఒకసారి చెయ్యేసి వెళ్లిపోయాడు.

భోజనానికి వచ్చిన పరమేశ్వరి అద్దం పదిసార్లు దింపి ఎక్కించింది.

"సరే, ఉంచుకోండి మీ కారు. ఇంతకీ మెకానిక్‌కి కాఫీ ఇచ్చారా?"

జోగేశ్వరరావు వినిపించనట్టు కారు అద్దం తుడవసాగాడు. అంతలో మహేంద్ర ఫోన్.

"ఏమీ అనుకోకండి బావగారూ. మెకానిక్‌కి జ్వరం. రేపు పంపనా?"

"అదేంటి? పొద్దున వచ్చి బాగు చేసి వెళ్లాడుగా!"

"మంచం మీదున్నాడండీ బాబూ! ఇప్పుడే చూసొచ్చాను."

భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. అప్పటికే మధ్యాహ్నమైంది. ముందు ఆ ఇనుము బండిని ఆపాలని, పరమేశ్వరి పాత ఇనుము కొట్టుకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"పెనుగొండ నుంచండి. కారు ఇవ్వట్లేదు, బండి పంపకండి."

"పంపట్లేదమ్మా, పొద్దున కారు చూసి రమ్మని పంపితే మా చిట్టియ్య వద్దన్నాడు," అన్నాడు కొట్టాయన. "ఇరవై ఏళ్లుగా నా దగ్గర కార్లు ముక్కలు చేస్తున్నాడండి, విప్పింది మళ్లీ బిగించి రావడం ఇవాళే మొదలు."